గుర్తు లేని కోరలు

ఒకటో రోజు

మా ఊరి దాలినాయుడు నన్ను అడవిలో గుడిసె ముందు దింపి కుక్కలబండిని వెంటనే వెనక్కి తిప్పాడు. టీ తాగడానికి కూడా ఆగలేదు. ఇక్కడ పగలు నాలుగు గంటలే, ఆ వెలుతురులోనే అతను నది మలుపు దాటాలి. వెళ్ళేముందు ఈ నోటుపుస్తకం, మూడు పెన్సిళ్ళు నా చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మ సెప్పిందల్లా రాసీయి నర్సా. ఆవిడ తరవాత ఈ పని తెలిసినోల్లు మనకి నేరు. ముప్పయ్యో రోజుకి మల్లీ వొస్తాను."

అందుకే రాస్తున్నాను. నా పేరు అప్పలనర్స. ముప్పై ఆరేళ్ళు. కొత్తబారువలో వలలు బాగుచేసేదాన్ని. మా ఊళ్ళో నలభై ముగ్గురు పిల్లలకి పదకొండు చలికోట్లు మిగిలాయి. తక్కినవన్నీ బూజు తినేసింది. నైలాను, పాలియెస్టరు, ఏది దొరికితే అది తింటుంది ఆ బూజు. కిందటి నెల నా కూతురు మంగ కోటు దులిపితే చేతిలో పిండి మిగిలింది. ఆ రోజు నుంచి పిల్ల గడప దాటలేదు. బూజు ముట్టనిది జంతువు తోలొక్కటే. ఆ తోలు తెచ్చే మనిషి ఊరంతటికీ ఒక్కరే ఉన్నారు, అసిరమ్మ. దాలినాయుడు పెద్దమ్మ అన్నది ఈమెనే.

అరవై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చలికి బుగ్గలు నల్లగా పగిలిపోయాయి. మన సముద్రం మన ఊళ్ళని మింగాక మొదటి ఓడలో ఈ ఉత్తరపు చలినేలకి వచ్చినవాళ్ళలో ఈమె ఒకతె. అందరూ చేపలకి పోతే ఈమె ఇక్కడి ముసలాయన దగ్గర అడవి నేర్చుకుంది. అప్పట్లో అందరూ నవ్వారట.

నన్ను చూడగానే, "సేతులు సూపించు," అంది. వలదారాలు కోసిన గీతల మీద బొటనవేలు రాసి చూసింది. "ముడి తెలిసిన సేతులు. పనికొస్తాయి."

దారి చెప్పే పెట్టెలు మూగబోయి ఆరేళ్ళయింది. మరి ఈ అడవికి పటం ఏదని అడిగాను. నుదుటి మీద వేలితో తట్టుకుని, "ఇదే," అంది.

నాలుగో రోజు

నేర్చుకున్నవి రాస్తున్నాను. మనిషి వాసన తగిలితే ఏ జంతువూ రాదు. అందుకని ఇనుమంతటినీ చెట్టు బెరడుతో కలిపి డేగిసాలో ఉడకబెట్టాలి. తరవాత వట్టి చేత్తో ముట్టుకోకూడదు. కుందేలుకి తీగ ఉచ్చు, మంచుకి నాలుగు వేళ్ళ ఎత్తున కట్టాలి. చెట్టుముంగిసకి వాలుకర్ర మీద చెక్కపెట్టె, లోపల చేపతల. మనవాళ్ళు దాన్ని చెట్టుముంగిస అంటారు గాని, ముంగిసకి ఇంత మెత్తని బొచ్చు ఎక్కడిది?

ఇవాళ పెట్టెలో ఒకటి బతికే ఉంది. అసిరమ్మ కొట్టుడుకర్ర నా చేతికిచ్చింది. తోలు పాడవకుండా తలమీద ఒకే దెబ్బ కొట్టాలి. నాకు రెండు దెబ్బలు పట్టాయి. "రెండోది దానికి నువ్వు సేసిన అన్నేయం," అంది అసిరమ్మ.

ఆఖరున తోడేళ్ళని పట్టే కోరలు చూపించింది. అంచున పళ్ళున్న, పళ్ళెమంత ఇనుప బోను. రెండు పక్కలా రెండు స్ప్రింగులు, మధ్యలో మీట. మంచు కింద దాచిపెడతారు. చేతి లావు కర్రతో మీట నొక్కి చూపిస్తే అది పుటుక్కున విరిగింది. విప్పాలంటే రెండు స్ప్రింగుల మీదా రెండు కాళ్ళూ వేసి నిలబడాలి.

"మరి అందులో మన కాలే పడితే?"

"ఒక్క కాలే మిగుల్తాది కదా. ఇప్పలేవు. గంటలో సలికి నిద్దరొస్తాది."

అందుకే ప్రతి కోరలకీ పక్క చెట్టు మీద కంటి ఎత్తున రెండు గొడ్డలి గాట్లు పెడుతుంది. అలాంటివి పన్నెండు. పన్నెండూ చూపించింది. గాట్లు కనబడితే ఆగాలి. నేను ప్రతి గాటునీ వేలితో తడిమి గుర్తుపెట్టుకున్నాను.

ఏడో రోజు

పొద్దున్న తలుపు తీసేసరికి గుడిసె చుట్టూ అడుగులు. మనిషి అడుగులు. మాంసం దాచే కొట్టు దాకా వెళ్ళి, కట్టెల దగ్గర తిరిగి, మా కిటికీ కింద చాలాసేపు నిలబడినట్టు మంచు తొక్కి ఉంది.

కొత్తబారువ ఇక్కడికి నాలుగు రోజుల నడక. ఇంకో ఊరు లేదు.

"కొన్నాల్లుగా ఒస్తన్నాడు," అంది అసిరమ్మ చిన్న గొంతుతో. ఆమెలో భయం మొదటిసారి చూశాను. "తోల్లు దొంగిలించడానికి. ఆడి సంగతి నాను సూస్తాను."

ఎలా చూస్తావని అడగలేదు. అడగవలసింది.

పదో రోజు

ఇవాళ టీలో రెండుసార్లు బెల్లం వేసింది. అది పెద్ద విషయం కాదు. తరవాత నన్ను పిలిచి, బెరడు డేగిసా ముందు కూర్చోబెట్టి, మనిషి వాసన గురించి మొదట్లో చెప్పిన పాఠమంతా మళ్ళీ చెప్పింది. అవే మాటలు. అవే చోట్ల నవ్వింది. గట్టిపడాలని రెండోసారి చెబుతోందేమో అనుకున్నాను.

పాఠం అయ్యాక నా వైపు తిరిగి, "సేతులు సూపించు," అంది. బొటనవేలు గీతల మీద రాసింది. "ముడి తెలిసిన సేతులు. పనికొస్తాయి."



పద్నాలుగో రోజు

తెల్లనక్క దొరికింది. దొరకవలసిన చోట కాదు. నీళ్ళకి వెళ్ళే కాలిబాట పక్కన, నేను రోజూ బిందె పట్టుకుని నడిచే చోటికి రెండడుగుల దూరంలో, కోరల్లో గడ్డకట్టి ఉంది. పక్క చెట్లన్నీ వెతికాను. ఒక్క గాటూ లేదు.

గుడిసెలో కోరలు తగిలించే మేకులున్నాయి. ఖాళీ మేకులు లెక్కపెట్టాను. పద్దెనిమిది. గాట్లున్నవి పన్నెండు. నక్కని పట్టింది ఒకటి. ఇంకో ఐదు ఎక్కడో మంచు కింద నోరు తెరుచుకుని ఉన్నాయి.

"పెద్దమ్మా, గుర్తు పెట్టకుండా ఎక్కడైనా పెట్టావేటి?"

చేతిలోని గీకుడుకత్తి కింద పెట్టి లేచింది. "గుర్తు నేకుండా కోరలెట్టినోడు మనిసి కాదు. నలబయ్యేల్లలో నాను ఒక్కటీ పెట్టనేదు. ఆ దొంగే ఎట్టుంటాడు, మనల్ని సంపడానికి."

అబద్ధం చెప్పేవాళ్ళ కళ్ళు నాకు తెలుసు. ఈమె అబద్ధం చెప్పడం లేదు. నా భయమంతా అదే.

అప్పటినుంచి కర్రతో ముందు పొడిచి చూసుకుని తరవాత అడుగు వేస్తున్నాను. నీళ్ళకి పావుగంట పట్టేది, ఇప్పుడు గంటన్నర పడుతోంది. పారిపోదామంటే ఊరిదారి నాకు తెలీదు. దాలినాయుడు రావడానికి ఇంకా పదహారు రోజులు.

పదిహేడో రోజు

మొన్న అసిరమ్మ కుడి బూటు మడమ దగ్గర చిరిగితే నేనే కుట్టాను. వలకి వేసే అడ్డకుట్టు, మూడు వరసలు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ దొంగ అడుగులు. వంగి చూశాను. కుడి అడుగు మడమలో, మంచు మీద అచ్చుగుద్దినట్టు, మూడు వరసల అడ్డకుట్టు.

లోపల అసిరమ్మ పొయ్యి ముందు చోడి అంబలి కలుపుతోంది. "ఒచ్చేడేటి ఆడు మల్లీ?" అని అడిగింది.

"ఒచ్చేడు," అన్నాను. ఇంకేం చెప్పను?

నిద్రలో తిరుగుతోందో, లేచి తిరిగి మరిచిపోతోందో. తన అడుగులే చూసి తనే భయపడి, ఆ అడుగుల దారిలోనే కోరలు పెడుతోంది. పెట్టింది కూడా మరిచిపోతోంది. ఆ దారుల్లోనే మేమిద్దరం నీళ్ళకీ కట్టెలకీ తిరుగుతున్నాం.

పంతొమ్మిదో రోజు

ఎక్కడ పెట్టావని అడిగితే లాభం లేదు. అడిగిన ప్రతిసారీ కోపం, తరవాత ఏడుపు. కానీ ఇవాళ ఉచ్చులు కడుతుంటే ఒకటి గమనించాను. నోటికి గుర్తులేని తీగ మెలిక ఆమె వేళ్ళకి గుర్తుంది.

ఖాళీ కోరలొకటి ఆమె చేతిలో పెట్టాను. "పెద్దమ్మా, నాకు నేర్పు. ఆ దొంగని పట్టాలంటే ఇది ఎక్కడ పెడతావు?"

ఆమె ముఖం వెలిగింది. బయటికి నడిచి, అటూ ఇటూ చూసి, మాంసం కొట్టు మూల వైపు తిన్నగా వెళ్ళబోయింది. నేను ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగి, కర్రతో ముందు పొడిచాను. మూడో పోటుకి మంచు పేలినట్టు లేచింది. కర్ర రెండు ముక్కలైంది.

ఆమెకి ఒకసారి మంచి చోటనిపించింది ఎప్పుడూ మంచి చోటే. మళ్ళీ అడిగినా అక్కడికే పోతుంది. నేను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ఆమె కాలే పోతుంది.

వెలుతురు పోయేలోపు ఇంకో రెండు దొరికాయి. ఇంకా రెండున్నాయి.

ఇరవై రెండో రోజు

పొద్దున్నే అసిరమ్మ నా పక్కన కూర్చుంది. కళ్ళు తేటగా ఉన్నాయి.

"పాటం నేర్పమని నువ్వు నన్ను తిప్పతన్నది ఎందుకో నాకు తెల్దనుకున్నావేటి? నిన్నటిది తెల్దు, మొన్నటిది తెల్దు. ఇయ్యాల మాత్తరం తెలిసింది."

నేను తల దించుకున్నాను.

"కిందటేడే మొదలయ్యిందమ్మా. ఓపాలి ఈ గుడిసికి దారి మరిసిపోయి పగలంతా తిరిగేను. అప్పుడే దాలినాయుడికి కబురెట్టేను, ఒక మనిసిని పంపమని. ముసిలిదాన్నయ్యేనని సెప్పేను. ఇది సెప్పనేదు."

"సెప్పాల్సింది పెద్దమ్మా. నాకైనా."

"సెప్తే నన్ను తీసుకెల్లిపోతారు. పిల్లలకి తోలెవలు తెస్తారు? సలికాలం ఒక్కటి దాటిస్తే సాలు, నీకు పనొచ్చేస్తాది అనుకున్నాను." ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇనుములా చల్లగా ఉంది. "బయిటికెల్లాలంటే నాకు బయం నర్సా. లోపలుండాలన్నా బయమే. నా తలకాయలో ఎవలో దీపాలు ఆర్పుకుంటా తిరుగుతన్నారు."

ఇద్దరం ఒకే తాడుకి నడుములు కట్టుకుని పడుకోవాలని అనుకున్నాం. ఆమె లేస్తే నాకు తెలుస్తుంది.

ఇరవై ఆరో రోజు

పడుకుని రాస్తున్నాను. కుడికాలు చెక్కల మధ్య కట్టుకున్నాను.

మధ్యాహ్నం కట్టెల కోసం కొట్టు వెనక్కి వెళ్ళాను. గుమ్మానికి ఇరవై అడుగులు. ఆ బాటంతా వందసార్లు పొడిచి చూసిందే. దుంగ ఒకటి జారితే పట్టుకోబోయి ఒక్క అడుగు పక్కకి వేశాను. చప్పుడు విన్నాను. పడిపోయాక నొప్పి వచ్చింది.

బూటు మందంగా ఉండబట్టి కాలు తెగలేదు. ఎముక మాత్రం లోపల కలుక్కుమనడం తెలిసింది. ఎడమకాలితో ఒక స్ప్రింగు నొక్కాను. రెండోదానికి చేతుల బలం చాలలేదు. గొలుసు చెట్టుకి బిగించి ఉంది. అరిచాను.

అసిరమ్మ వచ్చింది. చేతిలో కొట్టుడుకర్ర.

నాలుగడుగుల దూరంలో ఆగి నన్ను చూసింది. ఆ చూపులో నేను లేను.

"దొరికేవు," అంది. "ఇన్నాల్టికి దొరికేవు."

"పెద్దమ్మా, నానే! నర్సని!"

"నర్సా?" ఆమె గొంతు మారింది. "నర్స పేరు నీకెలగ తెలుసు? నా గుంటని ఏటి సేసేవురా? ఎక్కడ దాసేవు?"

నా పేరు చెప్పినకొద్దీ ఆమె కోపం పెరిగింది. నా నెత్తి మీద తోలుటోపీ, ముక్కు దాకా తోలు పట్టీ. పట్టీ లాగేసుకున్నాను. ముఖం చూసినా గుర్తుపట్టలేదు. కర్ర రెండు చేతుల్తో పైకెత్తింది. ఒకే దెబ్బ కొడుతుందని నాకు తెలుసు. ఆమెకి రెండోది అక్కర్లేదు.

ఏం చెప్పాలో ఆలోచించే టైము లేదు. నోటికి వచ్చింది అన్నాను.

"నాకు కోరలు ఇప్పడం రాదు. నేర్పుతావా?"

కర్ర గాల్లోనే ఆగింది.

"ఇప్పడం రాదేటి?" అంది అసహ్యంగా.

"రాదు. ఎవలూ నేర్పనేదు."

"ఇప్పడం రానోడివి అడివిలోకి ఎందుకొచ్చేవు?" కర్ర చంకలో పెట్టుకుంది. "సూడు మరి. ఒక్కపాలే సెప్తాను. ఈ కాలు ఇక్కడ. ఆ కాలు అక్కడ. ఒల్లంతా బరువెయ్యి. తొందరపడకు." ఆమె రెండు స్ప్రింగుల మీదా నిలబడింది. ఇనుము మెల్లగా నోరు తెరిచింది. "ఇప్పుడు తియ్యి."

కాలు లాక్కున్నాను. కళ్ళు బైర్లు కమ్మాయి.

"అలగ," అంది. "నేర్సుకున్నావు కదా, ఇంక ఎల్లిపో. మా నర్స కట్టెలకెల్లింది, ఒచ్చే యేలయ్యింది. నిన్ను సూస్తే జడుసుకుంటాది."

చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇరవై అడుగులూ నేను మోచేతుల మీద పాకాను. గడప దాటగానే ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, నర్సా! కాలికేటయ్యిందే?"

నా తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ కర్ర తలుపు పక్కనే ఉంది. దాన్ని పొయ్యిలో పెట్టమని ఆమెనే అడిగాను. ఎందుకని అడగకుండా పెట్టింది.

ముప్పయ్యో రోజు

దాలినాయుడు వచ్చాడు. కుక్కలు నదిబాట మీదుగా ఏ దెబ్బా లేకుండా రావడం మా అదృష్టం. జరిగిందంతా అసిరమ్మ ఎదుటే అతనికి చెప్పాను. ఆమె వింటూ కూర్చుంది, ఎవరి గురించో వింటున్నట్టు.

"ఇంక ఒక్కటే దొరకాలి," అన్నాను.

దాలినాయుడు ముఖం పాలిపోయింది. "ఒక్కటి కాదు నర్సా. ఏసంగిలో నాను ఓ పెట్టిలో ఇంకో ఐదు తెచ్చిచ్చేను."

గుడిసె అంతా వెతికాం. పెట్టె మంచం కిందే ఉంది. ఖాళీగా ఉంది. ఆ ఐదూ మేకులు ఎక్కనేలేదు, అందుకే నా లెక్కలో లేవు.

ఆరు. ఊరికి నాలుగు రోజుల దారి. నేను నడవలేను. దాలినాయుడికి బండిదారి తప్ప అడవి తెలీదు. ఎంతసేపు మాట్లాడుకున్నా ఒకటే మార్గం కనబడింది. నన్ను బండిలో పడుకోబెట్టి, తోళ్ళు పైన కప్పి, కుక్కల ముందు అసిరమ్మని నడిపించాడు. ఆమె నడుముకి తాడు, తాడు రెండో కొస అతని చేతిలో. అతని రెండో చేతిలో పొడవాటి గడ.

"పెద్దమ్మా, దొంగ ఈ దారినే తిరుగుతన్నాడు," అని నేను బండిలోంచి చెబుతూ వచ్చాను. "ఎక్కడ పెడదాం?"

ఆమె నడుస్తుంది. ఆగుతుంది. చెట్లనీ, గాలినీ, మంచు వాలునీ చూస్తుంది. "ఇక్కడైతే నానెడతాను," అంటుంది. తాడు బిగుస్తుంది. దాలినాయుడు గడతో పొడుస్తాడు. చాలాచోట్ల ఏమీ ఉండదు. ఉన్నచోట ఆ చప్పుడుకి కుక్కలు మూలుగుతాయి, నేను పళ్ళు కరుచుకుంటాను. నాలుగు రోజుల్లో మూడు దొరికాయి.

డెబ్భై ఒకటో రోజు, కొత్తబారువ

తెచ్చిన తోళ్ళకి ఏడు కోట్లయ్యాయి. ఒకటి మంగకి వచ్చింది. కానీ పిల్లల్ని ఎవరూ నది వైపు వెళ్ళనివ్వడం లేదు. ఇంకా మూడున్నాయి. మంచు కరిగాక ఊరంతా చేపలకీ నారకీ ఆ బాటనే పోవాలి. ఇనుము తుప్పు పట్టినా పదేళ్ళు కరుస్తుందని నాకు నేర్పింది అసిరమ్మే.

నా కాలు వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుని నడుస్తున్నాను. వచ్చే చలికాలం ఆ గుడిసెకి వెళ్ళవలసింది నేనే. ఇంకెవరికీ రాదు. ఆ మాట తలుచుకుంటే అన్నం దిగదు.

అసిరమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. రోజూ పొద్దున్న ఆమె ముందు కూర్చుని, ఉడకబెట్టిన కోరలు ఒళ్ళో పెట్టి అడుగుతున్నాను. మొదట్లో చెప్పేది, నది మలుపనీ, ఎండిన చెట్టనీ. దాలినాయుడు వెళ్ళి పొడిచి చూసి వచ్చేవాడు. ఏమీ దొరకలేదు. తరవాత తరవాత మాటలు తగ్గాయి. చేత్తో ఎటో చూపించేది.

ఇవాళ కూడా పెట్టాను. "పెద్దమ్మా, ఇది ఎక్కడ పెడదాం?"

ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. పళ్ళ మీద వేలు రాసింది. నేను పెన్సిల్ పట్టుకుని ఎదురుచూశాను.

"బాగున్నాది," అంది నవ్వుతూ. "ఏటమ్మా ఇది?"